వీరవనిత అని ఎవరిని అనాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆడవాళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి 8 దగ్గర పడిందంటే స్కూళ్లలో వ్యాసరచన పోటీలు మొదలవుతాయి. పిల్లలు ఝాన్సీ లక్ష్మీబాయి, రుద్రమదేవి, మదర్ థెరిసా అని మూడు పేర్లు రాసి పేపరు ఇచ్చేస్తారు. ఆ ముగ్గురి మీదా నాకు గౌరవమే. కానీ కావలిలోనో కనిగిరిలోనో చదువుకునే అమ్మాయికి తన జిల్లా నుంచి ఒక్క పేరైనా తెలియకపోవడం చూస్తే బాధేస్తుంది. టీచర్లు, తల్లిదండ్రులు, పిల్లలు ఈ విషయంలో ఎక్కువగా అడిగే ప్రశ్నలకు నా జవాబులు ఇవి. నెల్లూరు, ప్రకాశం అన్నప్పుడు పాత జిల్లాల హద్దులే నా మనసులో ఉన్నాయి. ఈమధ్య పక్క జిల్లాల్లో కలిసిన ఊళ్లను కూడా మనవిగానే లెక్కేశాను.

ఒక స్త్రీని వీరవనిత అనడానికి మీరు ఏం చూస్తారు?

ముందు ఒకటి చూస్తాను. ఆమె నోరు మూసుకుని ఊరుకుంటే ఆమె రోజు గడిచిపోయేదా? గడిచిపోయేదైనా ఊరుకోకుండా ముందుకొచ్చిందంటే అక్కడే సగం సంగతి తెలిసిపోతుంది. తర్వాత, అలా వచ్చినందుకు ఆమె ఏం పోగొట్టుకుంది, కనీసం ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడింది అని చూస్తాను. ఆస్తి కావచ్చు, పరువు కావచ్చు, ఇంట్లో మనశ్శాంతి కావచ్చు, జైలు కావచ్చు. చివరగా, ఆమె చేసిన పని వల్ల తన గడప అవతల ఇంకెవరి బతుకైనా మారిందా అని అడుగుతాను. చదువు, అందం, కులం, డబ్బు, గెలుపు ఇవేవీ నాకు కొలత కావు. ఓడిపోయిన వాళ్లు కూడా నా లెక్కలో ఉన్నారు.

తాగుబోతు మొగుడితో వేగి, కూలి చేసి మమ్మల్ని పెంచింది మా అమ్మ. ఆమె హీరో కాదా?

ఈ ప్రశ్నే అందరికంటే ఎక్కువ మంది అడుగుతారు. అడిగేటప్పుడు చాలామందికి గొంతు పట్టేస్తుంది కూడా. అందుకే జాగ్రత్తగా చెబుతాను.

మీ అమ్మ గొప్పది. ఆమెకు మీరు రుణపడి ఉన్నారు. ఆ రుణం తీర్చాలంటే ఆమె పేర పొలమో ఇల్లో పెట్టండి, ఆమె మోకాళ్ల నొప్పికి వైద్యం చేయించండి, ఇంటి పని పంచుకోండి. వేదిక మీద శాలువా కప్పి, సాయంత్రం మళ్లీ ఆమె చేతే అంట్లు తోమించుకుంటే మాత్రం ఆ సన్మానం ఎందుకూ పనికిరాదు.

ఆడవాళ్ల ఓర్పును అదే పనిగా పొగడటం నాకు ఇష్టం ఉండదు. అలా పొగుడుతూ పోతే, ఆమె అంతగా ఓర్చుకోవాల్సిన గతి పట్టించిన వాళ్ల జోలికి ఎవరూ పోరు. దెబ్బలు తిని కూడా కాపురం నిలబెట్టుకుంది అని మెచ్చుకుంటే, పక్కనే వింటున్న కూతురికి మనం ఏం నేర్పుతున్నట్టు? రేపు నీకూ ఇదే జరిగితే కిక్కురుమనకు అనేగా.

అయితే అదే అమ్మ ఇంట్లో అందరూ వద్దన్నా మొండికేసి కూతుర్ని పదో తరగతి తర్వాత ఒంగోలు కాలేజీకి పంపి ఉంటే, ఊళ్లో మాటలు పడి ఉంటే, ఆమెను చూసి వీధిలో మరో ఇద్దరు అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని ఉంటే, అప్పుడు ఆమె తప్పకుండా వీరవనితే. ఆమె ఎంత కష్టపడింది అని అడిగి ఆగిపోవద్దు. దేన్ని ఎదిరించింది అని కూడా అడగండి.

దూబగుంటలో అసలేం జరిగింది? మా పిల్లలకు అర్థమయ్యేలా చెప్పండి.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఊరు దూబగుంట. 1990ల మొదట్లో జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో పెద్ద ఎత్తున అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా నాట్లు, కలుపుతీతలు, కూలి. రాత్రి వీధి దీపం కింద పలకలు. అక్షరాలు దిద్దడానికి కూర్చున్న ఆడవాళ్లు పాఠం అయ్యాక తమ కష్టం ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరి నోట విన్నా సారా మాటే వచ్చింది.

అప్పటికి సారా ఊరి బయట ఎక్కడో దొరికే సరుకు కాదు. ప్రభుత్వ ‘వారుణి వాహిని’ పథకం కింద ప్యాకెట్లలో నింపి, ఇంటి గుమ్మం దాకా తెచ్చి అమ్మేవారు. తాగునీళ్లకు దిక్కులేని ఊళ్లకు కూడా సారా మాత్రం వేళకు చేరేది. మగవాడి కూలి డబ్బంతా దానికే పోయేది. అది చాలక ఇంట్లో బియ్యం, ఇత్తడి బిందెలు, పెళ్లాం చెవి కమ్మలు కూడా పోయేవి.

దూబగుంట ఆడవాళ్లు ఏకమై తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లకు ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మను తర్వాత రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మ అనే పిలిచింది. ఆ సంగతి అక్షరాస్యత వాచకంలో పాఠంగా వచ్చింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్లు, తమలాంటి కూలి ఆడవాళ్ల గెలుపునే కూడబలుక్కుని చదివారు. వాళ్లు చేయగా లేంది మనం చేయలేమా అనుకున్నారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఉద్యమం అలా పాకింది.

1992లో జిల్లా అంతటా ఆడవాళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా జీపులకు అడ్డం నిలబడ్డారు. ప్యాకెట్లు చింపి పారబోశారు, తగలబెట్టారు. తాగొచ్చిన వాడికి అన్నం పెట్టేది లేదన్నారు. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. వేలం వాయిదా వేస్తే మళ్లీ వచ్చారు, మళ్లీ ఆపారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. సారా కాంట్రాక్టర్ల చేతిలో డబ్బుంది, మనుషులున్నారు, రాజకీయ అండ ఉంది. సర్కారు ఖజానాకు ఆ ఆదాయం కావాలి. వాళ్లందరికీ ఎదురు నిలబడింది రోజు కూలి మీద బతికే ఆడవాళ్లని పిల్లలకు నొక్కి చెప్పండి.

రోశమ్మ గారి ఒక్క పేరే వినిపిస్తుంది. మిగతా వాళ్ల సంగతేంటి?

ఒక ఉద్యమానికి ఒక ముఖం కావాలని పత్రికలు, నాయకులు అనుకుంటారు. అందులో రోశమ్మ తప్పేమీ లేదు. ఆమె 2016లో కన్నుమూశారు. ఆమెకు వచ్చిన పేరు ఆమె ధైర్యంతో సంపాదించుకున్నదే. కానీ జీపు ముందు కూర్చున్నది వందల మంది. అర్ధరాత్రి తలుపు తట్టి బెదిరిస్తే టెన్షన్ పడ్డది, సొంత మొగుడి చేతే తన్నులు తిన్నది కూడా వాళ్లే. వాళ్లలో చాలామంది దళిత, గిరిజన, వెనకబడిన కులాల కూలి మహిళలు. వీరవనిత అంటే ఒక్క మనిషే అయి ఉండాలన్న పట్టుదల మనం మానుకోవాలి. ఒక ఊరి ఆడవాళ్లంతా కలిసి ఒకే వీరవనిత అవుతారని దూబగుంటే చూపించింది. పోటీ పేపర్లో ‘దూబగుంట మహిళలు’ అని రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించకండి.

1997లో మద్యం మళ్లీ వచ్చింది కదా. ఇక వాళ్లు సాధించిందేంటి?

నిషేధాన్ని 1997లో సడలించిన మాట నిజం. బాధపడాల్సిన మాటే. అయినా ప్రభుత్వమే దగ్గరుండి సారా అమ్మించే పద్ధతి మళ్లీ రాలేదు. ఇంకో ఫలితం కూడా ఉంది, అది ఇంకా పెద్దది. సారా కోసం ఒకచోట చేరిన ఆడవాళ్లే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలుగా మారారు. ‘పొదుపు లక్ష్మి’ ఇక్కడే మొదలై రాష్ట్రమంతా పాకింది. ఇవాళ పొదుపు గ్రూపు మీటింగుకు వెళ్లి బ్యాంకు అప్పు మీద సంతకం పెడుతున్న ప్రతి ఆడమనిషి వెనక ఆ చీపురు పట్టిన తరం ఉంది. గ్రూపు అప్పులు, వాయిదాల ఒత్తిడి గురించి వేరే ఫిర్యాదులు ఉన్నాయి. అవి న్యాయమైనవే. కానీ మొగుడి సంతకం లేకుండా బ్యాంకు మెట్లెక్కడం ఒకప్పుడు ఈ ఊళ్లలో ఊహకు కూడా అందేది కాదు.

పొణకా కనకమ్మ ఎవరు? నెల్లూరులో పేరు విన్నాం గానీ వివరాలు తెలియవు.

1892లో మినగల్లులో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లయి పొట్లపూడికి కోడలిగా వచ్చారు. బడి చదువు లేదు. ఇంట్లోనే పుస్తకాలు ముందేసుకుని తనంతట తను చదువుకుని కవిత్వం రాసే దాకా ఎదిగారు. మోతుబరి ఇంటి కోడలు. బయటికి రాకుండా గడిపేస్తే ఆమెను అడిగేవాడు లేడు. ఆమె మాత్రం ఊళ్లో గ్రంథాలయం పెట్టించారు, ఖద్దరు కట్టారు, అంటరానితనానికి ఎదురు నిలిచారు. పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహ ఆశ్రమం కోసం భూమి ఇచ్చారు. ఆ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. ఉప్పు సత్యాగ్రహం కాలంలో జైలుకు వెళ్లారు. రాయవేలూరు జైల్లో ఉండి వచ్చాక కూడా వెనక్కి తగ్గలేదు, 1932లో మళ్లీ వెళ్లారు.

ఆమె పనుల్లో అన్నిటికన్నా గట్టిగా నిలిచింది నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయం. 1923లో ఆడపిల్లల కోసం పెట్టారు. 1929లో దాని భవనానికి గాంధీజీ చేత శంకుస్థాపన చేయించారు. తనకు దొరకని బడిని వేల మంది ఆడపిల్లలకు కట్టించి ఇచ్చిన మనిషి ఆమె. నెల్లూరులో ఏ వీధికి వెళ్లినా ఆ బడిలో చదువుకున్న అమ్మమ్మలు కనిపిస్తారు.

చివరి రోజుల్లో ఆమెకు సుఖం దక్కలేదు. ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే పోయింది. ఆస్తి కరిగిపోయింది. 1963లో కనకమ్మ చనిపోయారు. ఆమె రాసుకున్న ఆత్మకథ పుస్తకంగా రావడానికి 2011 దాకా పట్టింది. జైలు గోడల గురించి, కూతురి మరణం గురించి, తోటి మనుషుల గురించి తన మాటల్లోనే రాసుకున్న మనిషిని దాదాపు అర్ధ శతాబ్దం పాటు మనం అచ్చులో చూసుకోలేకపోయాం. జిల్లాలో ప్రతి హైస్కూల్లో ఆ పుస్తకం ఒక కాపీ ఉండాలని నా కోరిక.

డబ్బున్న కుటుంబంలో పుట్టినావిడ కదా. ఆమెకు పెద్ద కష్టమేముంది?

కూలి మహిళ కష్టం, ఆమె కష్టం ఒకటి కావు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అందుకే నా మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్లండి. ఊరుకుంటే ఆమెకు హాయిగా గడిచేది. ఆ హాయిని కావాలని వదులుకున్నారు, ఉన్నదంతా జనం పనికి ఖర్చు పెట్టారు. నగలు పెట్టుకుని గడప లోపల కూర్చోవాల్సిన పెద్దింటి ఆడది జైలుకు పోవడం ఆ రోజుల్లో కుటుంబానికి ఎంత తలవంపో ఆలోచించండి.

ప్రకాశం వైపు నుంచి స్వాతంత్ర్య పోరాటంలో ఆడవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. చీరాల–పేరాల ఉద్యమం తీసుకోండి. మున్సిపాలిటీ పన్నులు కట్టలేమని 1921లో ఊరికి ఊరే ఇళ్లు వదిలి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో రామనగరం పేరుతో బయట పాకల్లో నెలల తరబడి ఉంది. పన్ను కట్టనందుకు మొదట్లోనే జైలుకు వెళ్లిన వాళ్లలో రావూరి అలమేలమ్మ అనే మహిళ ఉన్నారు. గాంధీజీ మాట విని వేల మంది జైళ్లకు నడిచిన కాలం ఇంకా రాలేదు. అప్పుడే ఆమె వెళ్లింది. ఇక పాకల్లో ఎండకీ వానకీ పొయ్యి వెలిగించి, చంటిబిడ్డల్ని సాకుతూ ఆ సహాయ నిరాకరణను నెలల పాటు నిలబెట్టిన ఆడవాళ్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కలేదు. నాయకుడి ఉపన్యాసం చరిత్రకెక్కింది. వాళ్ల వంట ఎక్కలేదు. ఆ వంట లేకపోతే ఉద్యమం వారం కూడా నిలిచేది కాదు.

ఖడ్గతిక్కన భార్య చానమ్మను వీరవనితగా చెబుతారు. మీరు ఒప్పుకుంటారా?

ఒప్పుకోను. కథ అందరికీ తెలిసిందే. పుల్లరి (పశువుల మేత పన్ను) గొడవలో కాటమరాజుతో యుద్ధానికి నెల్లూరు మనుమసిద్ధి సైన్యం వెళుతుంది. ఓడి ఇంటికొచ్చిన సేనాని ఖడ్గతిక్కనకు భార్య ఆడవాళ్లు స్నానం చేసే చోట మంచం అడ్డంపెట్టి పసుపు ముద్ద, నీళ్లు పెడుతుంది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోస్తుంది. సిగ్గుపడి అతను మళ్లీ వెళ్లి పోరాడి చనిపోతాడు. మంచి పద్యాలుగా మనకు నోటికి వచ్చిన కథ, చెప్పుకోవడానికి రసవత్తరంగా ఉంటుంది.

కానీ ఆడవాళ్లతో పోల్చడమే అవమానం అని చెప్పే కథ ఇది. అందులో ఆడది చేసిన సాహసం ఏమిటి? మొగుణ్ని చావుకు పంపడం. ఆ పద్యం అయిపోయాక చానమ్మ ఏమైంది, ఎలా బతికింది అని ఎవరూ అడగలేదు. మన జిల్లా సాహిత్య సంపదగా ఈ కథను పిల్లలకు చెబుదాం. వీరవనితల జాబితాలో మాత్రం పెట్టొద్దు.

మరి నర్రవాడ వెంగమాంబ పేరంటాలు?

దుత్తలూరు మండలం నర్రవాడలో ప్రతి ఏటా జరిగే ఉత్సవాలకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ తల్లికి మొక్కుకునే ఇళ్లు నాకు బాగా తెలుసు, వాళ్ల భక్తిని తక్కువ చేసి మాట్లాడను. దేవతగా దణ్ణం పెట్టుకోవడం వేరు, ఆడపిల్లకు ఆదర్శంగా చూపించడం వేరు. అగ్నిలోకి వెళ్లిన కథను చెప్పి ‘నువ్వూ ఇలా ఉండాలి’ అనడం ఏ తల్లీ చేయకూడదు.

సినిమా వాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటారా?

ప్రకాశం జిల్లా దొడ్డవరంలో పుట్టిన భానుమతీ రామకృష్ణ గారిని తీసుకుంటాను. నటన, పాట ఒక ఎత్తు. కెమెరా వెనక కుర్చీ మొత్తం మగవాళ్లదే అయిన రోజుల్లో 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో దర్శకత్వం వహించి తీశారు. నిర్మాత, స్టూడియో యజమాని, రచయిత్రి. తన పారితోషికం, తన మాట, తన పేరు తనే నిర్ణయించుకున్నారు. ఆమె సాధించింది ఎక్కువ భాగం తన కోసమే అని కొందరు అంటారు. నిజమే, దూబగుంట వాళ్లతో ఆమెను ఒక్క వరసలో నిలబెట్టను. అయినా ఆడది డైరెక్టర్ కుర్చీలో కూర్చోవచ్చని తెలుగువాళ్లకు మొదట చూపించింది ఆమే.

కలెక్టర్లు, ఎమ్మెల్యేలు, పోలీసు అధికారిణులు?

పదవి వల్ల కాదు. పదవి పోయినా ఫర్వాలేదనుకుని ఏదైనా చేస్తే అప్పుడు.

పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, రొయ్యల ఫ్యాక్టరీల్లో, అంగన్‌వాడీల్లో పనిచేసే ఆడవాళ్లు రోజూ పడే శ్రమ వీరత్వం కాదా?

కందుకూరు, కొండపి వైపు ఎండాకాలం ముదరకముందు పొగాకు కోతల్లో ఆడవాళ్ల చేతులు జిగురుతో నల్లగా అయిపోతాయి. రొయ్యల ఫ్యాక్టరీలో మంచు నీళ్లలో గంటల తరబడి నిలబడి తొక్క ఒలిచే అమ్మాయిల వేళ్లు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఊళ్లలో మంచినీళ్ల కోసం బిందెలు మోసీ మోసీ నడుం వంగిపోయిన అవ్వలు ఉన్నారు. వీళ్లకు ముందు కావలసింది సరైన కూలి, గ్లౌజులు, కుళాయి నీళ్లు. అవి ఇవ్వకుండా వీరవనితలు అని పొగిడితే అది మోసం.

వాళ్లే కలిసి నిలబడినప్పుడు సంగతి మారుతుంది. 2023 డిసెంబరులో మొదలుపెట్టి 2024 జనవరి దాకా రాష్ట్రమంతటా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించినా శిబిరాల్లోంచి కదల్లేదు. నెలకు కొన్ని వేల రూపాయల జీతం, అదీ పోతుందన్న భయం, ఇంట్లో పిల్లలు. అయినా కూర్చున్నారు. ఆ శిబిరాల్లో ఉన్నవాళ్లందరూ నా లెక్కలో ఉన్నారు.

మగవాళ్లు, అధికారులు సాయం చేస్తే గొప్పతనం తగ్గుతుందా?

తగ్గదు. అక్షరదీపం వెనక అధికారులు, ఉపాధ్యాయులు, వాలంటీర్లు ఎందరో ఉన్నారు. పల్లిపాడు ఆశ్రమం వెనక దిగుమర్తి హనుమంతరావు గారి లాంటి వాళ్లు ఉన్నారు. అక్షరం నేర్పింది ఒకరు కావచ్చు. ఆ అక్షరంతో ఏం చేయాలో తేల్చుకున్నది ఆ ఆడవాళ్లే.

మా ఊళ్లో అలాంటి వాళ్లు ఎవరున్నారో ఎలా తెలుసుకోవాలి?

వెంటనే మొదలుపెట్టండి. 1992లో ముప్పై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, కావలి వైపు ఊళ్లలో సారా పోరాటంలో ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఏటా కొందరు పోతున్నారు. వెళ్లి కూర్చుని అడగండి. ‘మీరు ఏం సాధించారు’ అని అడిగితే ‘మాదేముంది నాయనా’ అంటారు. ‘ఆ రోజు జీపు ఎటు నుంచి వచ్చింది? మీ పక్కన ఎవరున్నారు? ఇంటికొచ్చాక ఏం జరిగింది?’ అని అడిగితే గంట సేపు చెబుతారు. ఫోన్లో రికార్డు చేసుకోండి, కానీ ముందు అనుమతి అడగండి. ఇంట్లో తన్నులు తిన్న సంగతి చెప్పాక ‘ఇది రాయొద్దమ్మా’ అంటే రాయకండి.

ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగి సరిచూసుకోండి. తేదీలు మనుషులకు తప్పుగా గుర్తుంటాయి, కాబట్టి ఆ కాలం పత్రికలు వెతకండి. నెల్లూరు నుంచి వచ్చే జమీన్ రైతు పాత సంచికలు, జిల్లా గ్రంథాలయంలో దినపత్రికల పాత ఫైళ్లు పనికొస్తాయి. మీ ఊరి మనిషిని గొప్ప చేయాలని జరగనివి కలపొద్దు. ఒక్క అబద్ధం బయటపడితే ఆమె చేసిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఫోటో దొరకలేదు. పుట్టిన తేదీ తెలియదు. అయినా ప్రాజెక్టులో పెట్టొచ్చా?

పెట్టండి. ఆ తరంలో చాలామందికి పెళ్లి ఫోటో కూడా లేదు. పేరు, ఊరు, ఏ సంవత్సరంలో ఏం చేసింది, దానివల్ల ఆమెకు ఏం జరిగింది, ఊరికి ఏం జరిగింది అని రాస్తే చాలు. ఫోటో లేని చోట ఇంటర్నెట్‌లో దొరికిన వేరే ఎవరి బొమ్మో అతికించొద్దు, ఖాళీగా వదిలేయండి. ఇంటిపేరు పుట్టింటిది వేయాలా, అత్తింటిది వేయాలా అని టీచర్లు అడుగుతుంటారు. ఆమె బతికుంటే ఆమెనే అడగండి. లేకపోతే ఊళ్లో ఆమెను ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరే ముందు రాసి, రెండు ఇంటిపేర్లూ పక్కన చేర్చండి.